కరువు కాలువ గట్టున నిరీక్షణ
జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితము

ధ్యాన భాగములు: యెహెజ్కేలు 37వ అధ్యాయము, 1 కొరింథీయులకు 1వ అధ్యాయము చివరి భాగము.



యెహెజ్కేలు ప్రవక్తకు కలిగిన దర్శనమును మీలో చదువురానివారు సయితము విని యెరుగుదురు. లోయనిండ ఎముకలు, వానిలో తడి యనునది లేదు. చెరలోనున్న ఇశ్రాయేలీయులు తమ సంగతియు అంతేనని, ఇక తమకు మిగిలినదేమియు లేదని అనుకొనుచుండిరి. ఆ దర్శనములో మేము పలుమారులు గమనించిన సంగతి యొకటి కలదు. ఊపిరి మొదట రాలేదు. మొదట ఎముకకు ఎముక చేరెను, నరములు వచ్చెను, మాంసము వచ్చెను, పైని చర్మము కప్పెను. ఆ తరువాతనే జీవాత్మ వచ్చెను. దేవుడు తలచినయెడల ఒక్క మాటతో అన్నియు చేయగలవాడే. అయినను ఆయన ఆ వరుసను ఎంచుకొనెను. ఈ నెలలో మేము చెప్పబోవు దైవజనుని జీవితమును అర్థము చేసికొనుటకు ఆ వరుసను మనస్సున ఉంచుకొనుడి.

ఒంగోలు, కనిగిరి, పొదిలి, మార్కాపురము, కంభము ప్రాంతముల సంఘములలో క్లౌ దొరగారి పేరు వినని ముసలివారుండరు. ఆయన ఫొటో గోడకు తగిలించిన ఇండ్లును కలవు. అయితే పేరు తెలిసినంతగా ఆయన చేసిన పని నేటి పిల్లలకు తెలియదు. ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమని మాత్రము చెప్పుకొని ఊరకుందురు. ఆ సంఖ్య వెనుక ఎంత ఆకలి, ఎంత కన్నీరు, ఎంత ఓపిక యున్నదో తెలిసికొనవలెను.

జాన్ ఎవరెట్ క్లౌ 1836వ సంవత్సరము జూలై 16న అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి ఫ్రూస్‌బర్గ్ అను ఊరి దగ్గర పుట్టెను. తలిదండ్రులు సేద్యము చేసికొనువారు. బ్రతుకుతెరువు వెదకికొనుచు వారు పడమటి దిక్కుకు, ఇల్లినాయి, అయోవా రాష్ట్రములకు తరలిపోయిరి. బాలుడు నాగలి పట్టెను. పదునేడు, పదునెనిమిదేండ్ల ప్రాయమున ప్రభుత్వ సర్వేయర్లతో కలిసి మిన్నెసోటా అడవులలో గొలుసు లాగుచు, నేల కొలుచుచు కొన్ని సంవత్సరములు గడిపెను. ఆ కొలతల చదువు తరువాత ఎక్కడ అక్కరకు వచ్చెనో చదువరులు చూచెదరు గాక. అప్పటికి ఆ యువకుని కోరిక ప్లీడరు కావలెనని. దేవుని విషయములో అతనికి పట్టింపు తక్కువ. బర్లింగ్టను అను ఊరిలో కళాశాలలో చదువుచున్నపుడు, 1858లో, అతని హృదయము మారెను. బాప్తిస్మము పొందెను. ప్లీడరు కోరిక ప్రక్కకు పోయెను.

ఆ కాలమున తెలుగు మిషను స్థితి ఎట్లుండెనో కొంచెము చెప్పవలెను. అమెరికా బాప్టిస్టు మిషనరీయగు శామ్యూలు డే గారు 1840లో నెల్లూరులో స్థిరపడిరి. సంవత్సరములు గడచినను విశ్వాసులు వ్రేళ్లమీద లెక్కపెట్టదగినంత మందియే. ఇంత ఖర్చు పెట్టి ఇంత ఫలమేనాయని, ఈ పని మూసివేయుదమని అమెరికాలో పెద్దలు ఒకమారు కాదు, పలుమారులు తలచిరి. పటముమీద నెల్లూరు ఒక్కటే చుక్కవలె కనబడుటచేత దానికి ఒంటి నక్షత్రమని పేరు వచ్చెను. డే గారి తరువాత వచ్చిన లైమన్ జూవెట్ దొరగారు మాత్రము ఆ పనిని విడువనొల్లలేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆయనయు, దొరసానియు, క్రిస్టియన్ నర్సు అను ఉపదేశియు, జూలియా, రూతు అను ఇద్దరు తెలుగు స్త్రీలును ఒంగోలు ప్రక్కనున్న కొండ ఎక్కి, ఆ సీమకు ఒక సేవకుని పంపుమని మోకాళ్లూని ప్రార్థించిరి. ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువారే. ఇది మరువకుడి. ఆ ప్రార్థన జరుగునాటికి క్లౌ ఇంకను అయోవాలో నాగలి పట్టిన పిల్లవాడే.

1864 చివర క్లౌ దొరగారు, హారియెట్ దొరసాని బోస్టనులో ఓడయెక్కిరి. 1865లో నెల్లూరు చేరిరి. తెలుగు నేర్చుకొనుటకు ఆయన పుస్తకములను మాత్రము నమ్ముకొనక, బజారులోను, రచ్చబండ దగ్గరను జనులతో మాటలాడుచు నేర్చుకొనెను. 1866 సెప్టెంబరులో ఒంగోలునకు కాపురము వచ్చెను.

ఆయనకంటె ముందు మరియొకడు సిద్ధముగా నుండెను. తాళ్లకొండపాడు గ్రామస్థుడు, మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారము చేసికొనుచు ఊరూరు తిరుగువాడు. అయినను మనస్సులో తృప్తి లేక గురువుల నాశ్రయించి యోగసాధన చేసినవాడు. వ్యాపారముమీద ఏలూరు వైపు పోయినపుడు అక్కడ అలెగ్జాండరు అను మిషనరీ బోధ విని, తాను ఇన్నాళ్లు వెదకినది ఇదియేనని గ్రహించెను. 1866 మార్చి నెలలో జూవెట్, క్లౌ దొరలు ఒంగోలులోనుండగా పేరయ్యయు, అతని భార్య నాగమ్మయు వచ్చి బాప్తిస్మము పొందిరి. తరువాత అతడు ఊరకుండలేదు. తాళ్లకొండపాడు చుట్టుప్రక్కల పల్లెలన్నియు తిరిగి చెప్పెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిది మందితో స్థాపింపబడెను. అదే నెలలో క్లౌ దొరగారు పేరయ్య పిలుపుమీద బండ్ల దారిని పోయి చింతతోపులో డేరా వేసికొని ఐదు దినములు బోధించెను. అక్కడికి వచ్చినవారు తిండి మూటలు, మార్చుకొనుటకు బట్టలు తెచ్చుకొని, బాప్తిస్మమునకు సిద్ధపడియే వచ్చిరి. 28 మంది బాప్తిస్మము పొందిరి. మిషనరీ పోకముందే పంట పండియున్నది. కోయుట మాత్రమే ఆయన వంతాయెను. ఈ సంగతిని మన చరిత్రలు వ్రాయువారు మరింత గట్టిగా చెప్పవలసినదని మా అభిప్రాయము.

అప్పుడు ఒక చిక్కు వచ్చెను. ఒంగోలులో పైకులముల పెద్దలు దొరగారి బడికి తమ పిల్లలను పంపుచు, ఆయన మాటలు మర్యాదతో వినుచుండిరి. మాదిగలు సంఘములో చేరుచున్నారని తెలియగానే వారు వచ్చి, వీరిని చేర్చుకొన్నయెడల మేము రామని ఖండితముగా చెప్పిపోయిరి. దొరగారు కలవరపడెను. పెద్దలను పోగొట్టుకొనుటా, పేదలను త్రోసివేయుటా? ఆ రాత్రి ఆయన తన గదిలో బైబిలు తెరవగా 1 కొరింథీయులకు 1వ అధ్యాయము చివరి మాటలు కండ్లబడెను. లోకము ఎన్నిక చేయనివారిని, నీచులని త్రోసివేసినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగమది. వేరొక గదిలోనున్న దొరసానియు, ఈయనకు తెలియకయే, అదే భాగము చదువుచుండెను. ఇద్దరును ఒకరికొకరు చెప్పుకొనినపుడు వారికి మార్గము తేటపడెను. మాదిగలను చేర్చుకొనిరి. పెద్దల పిల్లలు బడి విడిచిపోయిరి.

చేరినవారికి దొరగారు పెట్టిన నియమములు కొద్దివి. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు ఇవి చిన్నవిగా తోచును. కాని ఊరిలో వెట్టి చేయువానికి ఇవి చిన్నవి కావు. జాతరకు డప్పు కొట్టమనిరి, వీరు కొట్టలేదు. ఆదివారము పొలమునకు రమ్మనిరి, వీరు పోలేదు. దానికి ఫలముగా దెబ్బలు తినిరి, నీళ్లకు పోనివ్వలేదు, తప్పుడు కేసులు మోపబడెను. క్లౌ దొరగారు వారి పక్షమున అధికారుల యొద్దకు పోయెను. తరతరములుగా తలవంచి నడచినవాడు మొదటిసారి వద్దని చెప్పనేర్చినాడు. క్రొత్త జన్మకు అదియు ఒక గురుతు కాదా?

తరువాతి సంవత్సరములను త్వరగా చెప్పెదము. సంఘము వేలలోనికి పెరిగెను. ఉపదేశుల తరిఫీదునకు రామాయపట్నములో వేదాంత పాఠశాల వెలిసెను. దాని కొరకు ద్రవ్యము కూర్చుటకు దొరగారు అమెరికా పోయి 1874లో తిరిగి వచ్చెను. రెండేండ్లు గడచెను. అప్పుడు వానలు పోయెను.

1876లో పుట్టిన ఆ కరువును మన పెద్దలు ధాత కరువనిరి. ధాత నామ సంవత్సరమున మొదలైనది గనుక ఆ పేరు. నైరుతి వానలును, ఈశాన్య వానలును రెండును తప్పెను. మొదట పశువులు పడిపోయెను, తరువాత మనుష్యులు. గడ్డలు, ఆకులు, బ్రహ్మజెముడు కాయలు తినిరి. చీమలు దాచుకొన్న గింజల కొరకు పుట్టలు త్రవ్విరి. దక్షిణ హిందూదేశమంతటిలో 50 లక్షలకు మించి చనిపోయిరని చరిత్రకారులు లెక్కకట్టిరి. 1877 ఆరంభమున ప్రభుత్వమువారు ఖర్చు తగ్గింపదలచి, కరువు పనులలో పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించిరి. అది కడుపునకు చాలని కూలియని ఆ దినములలోనే వైద్యులు మొరపెట్టిరి.

ఈ కరువులో అందరికంటె ముందు చచ్చినవాడు భూమి లేనివాడు. అతనికి గాదె లేదు, అప్పిచ్చువాడు లేడు. కరువు పనికి పోయినను, అక్కడి చిల్లర మేస్త్రీలు కులము చూచి తోలివేయుదురు, కూలి కోయుదురు, కొట్టుదురు. అట్టి జనులు గుంపులుగుంపులుగా ఒంగోలు బంగళా ముందర కూర్చుండిరి. దొరగారి చేతిలో అందరికి పెట్టుటకు ధనము లేదు. ఆయన చేసిన పని ఏమనగా, సముద్రతీరము వెంబడి ప్రభుత్వమువారు త్రవ్వించుచున్న బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను తానే కంట్రాక్టు తీసికొనెను. మిన్నెసోటా అడవులలో నేర్చిన కొలతల చదువు ఇక్కడ పనికివచ్చెను. ఇరువదేండ్లు మూటగట్టి యుంచిన పనిముట్టును దేవుడు ఆ దినమున విప్పించెను.

కాలువ గట్టున గుడిసెలు వేయించిరి, బావులు త్రవ్వించిరి, ధాన్యపు అంగళ్లు పెట్టించిరి. మేస్త్రీలుగా దొరగారు తన ఉపదేశులనే నియమించెను. ఆ వార్త ఊరూరు ప్రాకెను. అక్కడ కొట్టరట, కూలి కొలత ప్రకారము ముట్టునట అని వినినవారు, నడువగలిగినవారందరు నడచి వచ్చిరి. ఒకేమారు వేలమంది పనిచేయుచుండిరి. నడువలేక దారిలో పడినవారు పడిరి. కలరా వచ్చి గుడిసెలలోను కొందరిని కొనిపోయెను. దినమంతయు పలుగు, పార, మట్టి తట్ట. మధ్యాహ్నము కొంతసేపు నీడన కూర్చున్నప్పుడు, ప్రొద్దు క్రుంకిన తరువాతను ఉపదేశులు వారి నడుమ కూర్చుండి మాటలాడుచుండిరి. ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు తనయొద్దకు పిలిచి విశ్రాంతినిత్తుననిన ఆ మత్తయి సువార్త భాగమును మరల మరల చెప్పించుకొనిరట. మట్టి తట్ట తలమీద నున్నవానికి ఆ మాట ఎట్లు వినబడియుండునో మా బోటి పల్లెటూరి పాదిరులు ఊహించుకొనవలసినదే. తలమీద తట్ట లేనివారము మనము దానిని సులభముగా చదివివేయుచున్నాము.

ఇచ్చట ఒక మాట చెప్పి ముందుకు పోయెదము. సినిమా పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదునకు వచ్చిన తరువాత జూబిలీ హిల్స్ క్రింద కృష్ణానగరమను పేట అందరికి తెలిసినదాయెను. తెల్లవారకముందే అక్కడ వీధిలో నిలిచి, ఈ దినమైనను షూటింగు బండి ఎక్కించుకొందురేమోయని ఎదురుచూచువారు ఎందరో. వారిలో మన పల్లెల సంఘముల బిడ్డలును కలరు. క్రిస్మసు నాటకములో చక్కగా వేషము కట్టిన పిల్లవాడు, క్వయరులో గొంతెత్తి పాడిన పిల్ల. గది అద్దె కట్టలేక, ఇంటికి తిరిగివచ్చుటకు ముఖము చెల్లక, బ్రతుకుమీద ఆశ విడిచినవారి సంగతులు మన చెవిని పడుచునే యున్నవి. అట్టివాడు ఫోను చేసినప్పుడు కొందరు తలిదండ్రులు, పాదిరులు మొదట బుద్ధి చెప్పుదురు. లోకాశ చేతనే ఇట్లయినదందురు. క్లౌ దొరగారు ఆకలిగొన్నవాని చేతికి మొదట పార ఇచ్చెను, పిమ్మట కూలి ఇచ్చెను. పేరు అడిగి వ్రాసికొనెను. వాక్యము ఆ నీడలో వచ్చెను. అన్నము తింటివా, ఎక్కడ పండుకొనుచున్నావు, చార్జీ డబ్బులున్నవా అని మొదట అడుగుడి. నగరములోనున్న మన సంఘస్థులు ఆ పేటకు పోయి అట్టివారిని చూచి రావచ్చును గదా?

ఇక కథకు వచ్చెదము. కాలువమీద పనిచేయుచున్నవారు బాప్తిస్మము ఇమ్మని అడుగసాగిరి. ఇక్కడనే క్లౌ దొరగారి నిజమైన గొప్పతనము కనబడునని మేము తలంచుచున్నాము. ఆయన ఇయ్యలేదు. కరువు తీరువరకు ఎవరికిని లేదనెను. పదునైదు నెలలు ఒక్కరికైనను బాప్తిస్మము ఇయ్యలేదు. అడిగినవారి పేర్లు ఉపదేశులు తమ పుస్తకములలో వ్రాసికొనిరి, బోధించిరి, నడవడి కనిపెట్టిరి. కడుపు కొరకు వచ్చువానిని, ప్రభువు కొరకు వచ్చువానిని వేరుపరచుటకు ఆయనకు వేరొక దారి తోచలేదు. ఆ నెలలలో ఎందరో అడిగియు పొందకయే కన్నుమూసియుందురు. దానిని తలంచినప్పుడు మాకు బాధయే. అయినను ఆ కాలమున అది తప్ప వేరు న్యాయము లేదు.

1878లో వానలు పడెను. సహాయ ద్రవ్యము అయిపోవచ్చెను. జూన్ నెలలో దొరగారు ఒంగోలునకు ఉత్తరముగా పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డునున్న వెల్లంపల్లికి తన ఉపదేశులను పిలిపించెను. వారితోకూడ జనము వెల్లువగా వచ్చెను. ఇక పని లేదు, ధనము లేదు, మీ ఊళ్లకు పొండని దొరగారు వారితో చెప్పెను. మేము ధనము కొరకు రాలేదు, మా చేతులు కాయలు కాచియున్నవి చూడుము, ఊరక తినలేదు, ఇక ఆకలితో చచ్చినను క్రైస్తవులముగానే చచ్చెదమని వారు బదులు చెప్పిరి. ఆయన యొద్ద ఇక చెప్పుటకు అడ్డు లేకపోయెను.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములలో మొత్తము 3,536. గుండ్లకమ్మలో దిగినవారు తెలుగు ఉపదేశులు ఆరుగురు. ఒకేమారు ఇద్దరు నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి. వారు అలసినప్పుడు వేరిద్దరు దిగిరి. తెల్లవారి ఆరంభించి, నడి ఎండలో ఆగి, మరల సాయంకాలము వరకు జరిగించిరి. క్లౌ దొరగారు ఆ దినమున ఒక్కరికైనను తన చేతులతో బాప్తిస్మమియ్యలేదు. గట్టున నిలిచి క్రమము చూచుచుండెను. అప్పటికి ఆయనకు నలువది రెండేండ్లు నిండలేదు. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారి సంఖ్య 9,606.

ఈ వార్త విని సంతోషించినవారెందరో, శంకించినవారును అందరు. ఇంతమందిని ఇంత త్వరగా ఎట్లు పరీక్షించితిరని సాటి మిషనరీలే అడిగిరి. గంజికి మతము మారినవారని లోకులు అనిరి. ఆ మాట నేటికిని మన బిడ్డల ముఖముమీద అందురు. ఆ మాటకు నొచ్చుకొనువారు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను: గంజి ఉన్నంతకాలము బాప్తిస్మము లేదు, బాప్తిస్మము ఇచ్చునప్పటికి గంజి లేదు. మా తాతలు కాలువ త్రవ్వి కూలి తినిరి.

అంత పెద్ద మందకు కాపరులు చాలలేదన్నది మాత్రము నిజమే. బాప్తిస్మము పొందిన పల్లెలన్నిటికి ఉపదేశి లేడు, బడి లేదు. కొందరు వెనుకకు పోయిరి. సంఘములో చేరిన తరువాత మాలపల్లె, మాదిగపల్లె అను గోడ మనలో చాలచోట్ల నిలిచియే యున్నది. దానిని దొరగారిమీద నెట్టుట న్యాయము కాదు, కూల్చవలసినవారము మనమే. 1880ల ఆరంభమున ఒంగోలు క్షేత్రమును విభజించి కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్లలను వేరు కేంద్రములు చేసిరి. దొరగారు అమెరికాలో తిరిగి మరి ఇరువదియైదుగురు మిషనరీలను అడిగి సంపాదించెను. 1890 డిసెంబరు 28న ఒంగోలులో 1,671 మంది బాప్తిస్మము పొందిరి.

1893లో హారియెట్ దొరసాని ప్రభువునందు నిద్రించెను. మరుసటి సంవత్సరము ఆయన, ఒంగోలులోనే సేవచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడెను. మాదిగ విశ్వాసుల జీవితములను వారి నోటనే విని, పేరయ్య సంగతియు, అతని గురువుల సంగతియు పుస్తకముగా 1899లో అచ్చువేయించినది ఈమెయే. ఆ పుస్తకము లేనియెడల మన పితరుల పేర్లు ఎన్ని మాసిపోయియుండునో.

వృద్ధాప్యమున దొరగారు క్రిందపడి తుంటియెముక విరుగుటచేత నడక పోయెను. గుఱ్ఱముమీదను, బండిలోను పల్లెపల్లె తిరిగిన మనిషి కుర్చీకి అంటుకొనిపోయెను. అట్లుండియు కొన్ని సంవత్సరములు ఒంగోలు విడువలేదు. ఉపదేశులు ఆయన కుర్చీ చుట్టు చేరి సంఘముల సంగతులు చెప్పుచుండిరి. తుదకు స్వదేశము చేరి, 1910 నవంబరు 24న న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరు పట్టణమున, 74 ఏండ్ల వయస్సున ప్రభువు సన్నిధికి పోయెను. ఒంగోలులో ఆయన పేరిట వైద్యశాల వెలిసెను. గుండ్లకమ్మ నేటికిని వెల్లంపల్లి ప్రక్కగా సముద్రమునకు పోవుచున్నది.